7. మీటర్ లీన్ అంటోందా? ముందు ల్యాప్‌టాప్ మూసేయండి

బండి స్టార్టయింది, వేడెక్కింది, స్లోలో నిలకడగానే తిరుగుతోంది. వైడ్‌బ్యాండ్ మీటర్ మీద మాత్రం ఏఎఫ్ఆర్ (గాలి-ఇంధన నిష్పత్తి) 16.8 కనబడుతోంది. ట్యూనింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల చెయ్యి ఆ క్షణంలో నేరుగా కీబోర్డు మీదికే వెళ్తుంది. ఫ్యూయల్ టేబుల్లో ఆ గడికి కాస్త కలుపుతారు, 16.2కి దిగుతుంది. ఇంకాస్త కలుపుతారు, 15.7. ఈలోగా సైలెన్సర్ వెనక నిలబడ్డవాడికి కళ్లు మండుతుంటాయి. ప్లగ్గు విప్పి చూస్తే వేలికి మసి అంటుతుంది. ముక్కు రిచ్ అంటోంది, ప్లగ్గు రిచ్ అంటోంది, మీటరొక్కటే లీన్ అంటోంది. అయినా చాలామంది మీటర్‌నే నమ్ముతారు. డబ్బులు పోసి కొన్నది మరి!

ఈ అధ్యాయమంతా ఆ అంకెను నిలదీయడం గురించే. నిలదీయడానికి ఒక పద్ధతుంది. రీడింగు ఎంత తేడాగా ఉందని అడిగే ముందు, ఎప్పుడు తేడాగా ఉందని అడగాలి. స్లోలో లీన్ చూపించి రేస్ ఇవ్వగానే సర్దుకుంటే అదొక జబ్బు. స్లోలో బాగానే ఉండి పైన 5000 ఆర్‌పీఎం దాటాక లీన్ అయితే పూర్తిగా వేరే జబ్బు. స్లో నుంచి ఫుల్ లోడు దాకా అంతటా ఒకే శాతం తేడా ఉంటే మూడోది. హెడ్‌లైట్లు వేయగానే అంకె కదిలిందంటే మిక్చర్‌కీ దానికీ సంబంధమే లేదు, వైరింగ్ చూసుకోవాలి. అందుకే ఒక్క రీడింగు చూసి ఏదీ తేల్చకూడదు. లాగ్ రికార్డు చేసి, ఆర్‌పీఎం, లోడు, బ్యాటరీ వోల్టేజీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సెన్సర్‌కు కనబడేది ఏమిటి

కంపెనీ బండ్లలో దశాబ్దాలుగా ఉన్న మామూలు ఆక్సిజన్ సెన్సర్ రెండే మాటలు చెప్పగలదు. వోల్టేజీ 0.45కి పైన ఉంటే రిచ్, కింద ఉంటే లీన్. ఎంత రిచ్, ఎంత లీన్ అంటే దాని దగ్గర జవాబు లేదు. బాష్ కంపెనీ 1976లో వోల్వో కార్లతో ఈ రకాన్ని మార్కెట్లోకి తెచ్చింది. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను సక్రమంగా పనిచేయించడానికి అది చాలు. ట్యూనింగ్‌కు చాలదు.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ లోపల ఒక సన్నటి అర ఉంటుంది. ఎగ్జాస్ట్ గ్యాసు కొద్దికొద్దిగా అందులోకి చేరుతుంది. అక్కడ ఆక్సిజన్ మిగిలి ఉంటే కంట్రోలర్ దాన్ని కరెంటుతో బయటికి తోడేస్తుంది. కొరత ఉంటే, అంటే కాలని గ్యాసులు ఎక్కువుంటే, వాటిని కాల్చడానికి సరిపడా ఆక్సిజన్‌ను లోపలికి నెడుతుంది. అలా ఆ అరలో ఎప్పుడూ లాంబ్డా 1, అంటే గాలీ ఇంధనమూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయే స్థితి, ఉండేలా చూసుకుంటుంది. అందుకు ఎంత కరెంటు పట్టింది, ఏ దిక్కున పట్టింది అన్నదే మీటర్ మీద అంకెగా మారుతుంది. ఎక్కువమంది వాడే బాష్ ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్‌లో లాంబ్డా 1 దగ్గర ఈ కరెంటు సున్నా. బయటి మామూలు గాలిలో పెడితే 2.5 మిల్లీఆంపియర్ల చిల్లర. రిచ్ అయితే కరెంటు దిక్కు మారుతుంది. ఇదంతా సరిగ్గా జరగాలంటే లోపలి పింగాణీ ముక్క 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి. హీటర్ ఉన్నది అందుకే.

ఇందులోంచి మనం పట్టుకోవాల్సిన సంగతి ఒక్కటే. సెన్సర్ కొలిచేది తన దగ్గరికి వచ్చిన గ్యాసులో ఆక్సిజన్ మిగులు, తరుగు మాత్రమే. ఆ ఆక్సిజన్ సిలిండర్‌లో మిగిలి వచ్చిందా, గ్యాస్కెట్ సందులోంచి దూరిందా, ప్లగ్గు కాల్చకపోతే అలాగే బయటికొచ్చిందా అన్నది దానికి తెలియదు. అది వెతకాల్సింది మనమే.

ముందు మీటర్‌కే పరీక్ష

ఇంజిన్‌ను అనుమానించే ముందు మీటర్‌కు మూడు పరీక్షలు పెట్టండి. మూడూ కలిపి అరగంట పని.

మొదటిది, సెన్సర్ విప్పి బయటి గాలిలో పెట్టడం. పూర్తిగా వేడెక్కాక మీటర్ తన చివరి లీన్ అంకె మీద నిలబడాలి. కొన్ని కంట్రోలర్లకు ఇదే సమయంలో గాలి క్యాలిబ్రేషన్ చేయాలి, కొన్నింటికి అక్కర్లేదు. మాన్యువల్ చూడండి. చేయాల్సి వస్తే షెడ్డు లోపల, పక్కన ఇంకో బండి నడుస్తుండగా మాత్రం చేయొద్దు. పొగ కలిసిన గాలిని అది శుభ్రమైన గాలి అనుకుంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి రీడింగూ పక్కకు జరిగిపోతుంది.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎందుకంటే దీనికి ఏదీ విప్పక్కర్లేదు. గేరులో 3000 ఆర్‌పీఎం పైన వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. ఈసీయూలో ఓవర్‌రన్ ఫ్యూయల్ కట్ ఆన్‌లో ఉంటే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి, ఇంజిన్ ఉత్త గాలిని పంపుతుంది. ఒకటి రెండు సెకన్లలో మీటర్ చివరి లీన్ అంకెకు చేరాలి. నీరసంగా పాకుతూ వెళ్తే సెన్సర్ ముసలిదైనట్టు. ఎంతసేపటికీ చివరిదాకా పోకపోతే ఇంజెక్టర్ ఏదో కారుతోందేమో చూడాలి.

మూడోది, ల్యాప్‌టాప్ తెరవాల్సిన పరీక్ష. ముందుగా క్లోజ్డ్ లూప్ కరెక్షన్ ఆపేయండి. లేకపోతే మీరు కలిపింది ఈసీయూ తీసేస్తూ ఉంటుంది. 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి ఫ్యూయల్‌ను సరిగ్గా 10 శాతం పెంచండి. లాంబ్డా 1.00 నుంచి 0.91కి రావాలి. ఇది లెక్క, అభిప్రాయం కాదు. 0.97 దగ్గరే ఆగిపోయిందంటే, మీరు మార్చినదానికీ సెన్సర్ చూసినదానికీ మధ్య ఇంకేదో ఉంది. అదేమిటో తేలేదాకా టేబుల్లో ఏ గడీ మార్చొద్దు.

మీటర్ ఒకటి అంటుంది, ల్యాప్‌టాప్ ఇంకోటి అంటుంది

డ్యాష్‌బోర్డు మీద 12.6, ల్యాప్‌టాప్‌లో 12.84. చాలా షెడ్లలో ఈ తేడాను పెద్దగా పట్టించుకోరు. పట్టించుకోవాలి. ఎందుకంటే ఆటోట్యూన్ నమ్మేది ల్యాప్‌టాప్ అంకెను, మీరు చూసేది డ్యాష్‌బోర్డు అంకెను.

వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ తన రీడింగును 0 నుంచి 5 వోల్టుల మధ్య వోల్టేజీగా ఈసీయూకు పంపుతుంది. 0 వోల్టులకు 10, 5 వోల్టులకు 20 అనే కంట్రోలర్‌ను తీసుకుందాం. 12.6 అంటే 1.30 వోల్టులు. మల్టీమీటర్ తీసి ఎర్ర ప్రోబ్ కంట్రోలర్ అనలాగ్ వైరు మీద, నల్ల ప్రోబ్ కంట్రోలర్ ఎర్త్ మీద పెట్టండి. 1.30 వస్తుంది. ఇప్పుడు నల్ల ప్రోబ్‌ను ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ మీదికి మార్చండి. 1.42 వచ్చిందనుకోండి, దొంగ దొరికాడు. రెండు ఎర్తుల మధ్య 0.12 వోల్టుల తేడా ఉంది. ప్రోబ్‌లు అలాగే ఉంచి ఎవరినైనా రేడియేటర్ ఫ్యాన్ వేయమనండి. అంకె ఇంకా పైకి ఎగబాకితే సందేహమే అక్కర్లేదు. సెన్సర్ హీటర్ తక్కువ కరెంటు తాగదు. అదంతా డ్యాష్‌బోర్డు వెనక రంగేసిన ఏ రేకుకో బిగించిన స్క్రూ గుండా తిరిగి వెళ్తుంటే ఇలాగే ఉంటుంది. మందు సులువే. కంట్రోలర్ ఎర్త్‌ను ఈసీయూ పవర్ ఎర్త్ ఎక్కడ బిగించారో అక్కడికే తీసుకెళ్లి, రంగు గీకి, గట్టిగా బిగించడం. అనలాగ్ నెగటివ్ వైరు విడిగా ఉన్న కంట్రోలరైతే దాన్ని ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కు కలపాలి. క్యాన్ బస్ ఉన్న కంట్రోలర్లకు ఈ బాధ లేదు, అంకె అంకెలాగే చేరుతుంది. కొత్తగా కొనేవాళ్లు రెండు వేలు ఎక్కువైనా అదే కొనండి.

ఎర్త్ బాగానే ఉన్నా తేడా వస్తోందంటే సాఫ్ట్‌వేర్‌లో స్కేలు తప్పు ఎంచుకుని ఉండొచ్చు. ఇది పైకి కనబడని తప్పు. మెగాస్క్విర్ట్, స్పీడువినో వాడేవాళ్లు ట్యూనర్‌స్టూడియోలో జాబితాలోంచి కంట్రోలర్ పేరు ఎంచుకుంటారు. పైన చెప్పిన 10 నుంచి 20 రకం కంట్రోలర్ పెట్టి, జాబితాలో ఇన్నోవేట్ ఎంచుకున్నారనుకోండి. దాని మామూలు స్కేలు 0 వోల్టులకు 7.35, 5 వోల్టులకు 22.39. ఈ రెండు గీతలూ 15.3 దగ్గర కలుస్తాయి. అంటే స్లోలో, నిదానంగా పోతున్నప్పుడు రెండు అంకెలూ దగ్గరదగ్గరగానే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే డ్యాష్‌బోర్డు 12.0 అంటే ల్యాప్‌టాప్ 10.4 అంటుంది. ఆటోట్యూన్ అది చూసి పెట్రోల్ కోసేస్తుంది. నిజంగా 12.0 ఉన్న ఇంజిన్‌ను, సరిగ్గా ఫుల్ లోడులో, లీన్ వైపుకు తోసేస్తుంది. అందుకే స్కేలును ఒక్కచోట సరిచూస్తే చాలదు. ఒకటి రిచ్ వైపు, ఒకటి లీన్ వైపు, కనీసం రెండు చోట్ల రెండు అంకెలూ కలవాలి.

స్లోలో లీన్: గాలి ఎక్కడ దూరుతోంది

మొదట్లో చెప్పిన 16.8 బండి దగ్గరికి వద్దాం. మీటర్ పరీక్షలన్నీ పాసైంది, వైరింగ్ బాగుంది. స్లోలో లీన్, 2500 దగ్గర కొంచెం లీన్, లోడు పడితే మామూలు. ఇలా ఉంటే ముందుగా ఎగ్జాస్ట్ లీకు చూడాలి.

పొగ బయటికి కదా పోతుంది, గాలి లోపలికెలా వస్తుందని అడుగుతారు. ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి ఒకే తీరుగా ఉండదు. ఒక్కో సిలిండర్ వదిలినప్పుడల్లా ఒక తోపు, ఆ వెనకే ఒక లాగుడు. స్లోలో గ్యాసు తక్కువ కాబట్టి ఆ లాగుడులో సన్నటి సందులోంచి బయటి గాలి చొరబడుతుంది, మొత్తంలో దాని వాటా కూడా పెద్దదే. లోడు మీద గ్యాసు పరిమాణం ఎన్నో రెట్లు పెరిగి, ఒత్తిడి ఎప్పుడూ బయటి వైపే ఉంటుంది. లీకు అక్కడే ఉన్నా రీడింగు సర్దుకుంటుంది.

వెతకడం చల్లటి ఇంజిన్ మీదే చేయాలి. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి చిన్న సందులు మూసుకుపోతాయి. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని వినిపించి, పది నిమిషాల్లో మాయమైపోయే చప్పుడు వాల్వులదే అనుకుంటారు. మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచున వేలంత మేర నల్లటి మసి చార కనబడితే వాల్వు క్లియరెన్సు పని తర్వాత చూసుకోవచ్చు. చార కనబడకపోతే సైలెన్సర్ చివరి నుంచి బ్లోయర్‌తో గాలి నింపి, ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు కొట్టండి. సెన్సర్ కోసం వెల్డింగ్ చేయించిన నట్టు చుట్టూ కూడా కొట్టండి. నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ లీకులు దొరికేది అక్కడే.

లీకు లేకపోయినా స్లోలో లీన్ చూపే కారణాలు ఇంకో రెండున్నాయి. సెన్సర్‌ను సైలెన్సర్ చివర్లో క్లాంపుతో తగిలించి కొలిస్తే బయటి గాలి వెనక్కి ఎగజిమ్మి కలుస్తుంది, స్లోలో ఆ అంకెకు విలువ లేదు. రేసింగ్ క్యామ్ వేసిన ఇంజిన్లలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు కొంతసేపు కలిసే తెరుచుకుని ఉంటాయి. కాలని మిక్చర్ కొంత అలాగే జారిపోతుంది, ఆక్సిజన్ మిగులుతుంది, మీటర్ లీన్ అంటుంది. అలాంటి ఇంజిన్‌ను స్లోలో మీటర్ చూసి కాక, ఇంజిన్ మాట విని సెట్ చేయాలి. ఏ మిక్చర్ దగ్గర మానిఫోల్డ్ వ్యాక్యూమ్ ఎక్కువగా, నిలకడగా ఉందో అదే దాని లెక్క.

ఒక సిలిండర్ పని మానేస్తే

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలను అనేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. మిస్‌ఫైర్ అయిన సిలిండర్ రిచ్‌గా ఉన్నా, లీన్‌గా ఉన్నా, మీటర్‌కు అది లీనే. కాలలేదు కాబట్టి దానిలోని ఆక్సిజన్ అంతా సెన్సర్ దాకా వస్తుంది. విపరీతంగా రిచ్ అయి ప్లగ్గు తడిసి మిస్ కొడుతున్న ఇంజిన్‌కు మీటర్ మాట విని ఇంకా పెట్రోల్ పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంజెక్టర్ ఒకటి పూర్తిగా ఆగిపోయిన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను తీసుకుందాం. మిగతా మూడూ లాంబ్డా 0.90 దగ్గర హాయిగా పనిచేస్తున్నాయి. నాలుగోది ఉత్త గాలి పంపుతోంది. కలిసిన గ్యాసులో లెక్క కడితే మీటర్ 1.20 చూపిస్తుంది. ట్యూనరు ఊరుకోడు. మీటర్ 1.00 చూపించేదాకా అంతటా పెట్రోల్ పెంచుతాడు. అప్పటికి పనిచేస్తున్న మూడు సిలిండర్లు 0.75కి చేరి ఉంటాయి. పొగ, మసి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసే పెట్రోల్. మీటర్ మీద మాత్రం కంటికి ఇంపుగా 1.00.

దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం, ఎందుకంటే మీటర్ మీద ఏ తప్పూ కనబడదు. ఫుల్ లోడులో మూడు సిలిండర్లు 0.84 దగ్గర, చెత్త పట్టిన ఇంజెక్టర్ ఉన్న నాలుగోది 0.98 దగ్గర ఉన్నాయనుకోండి. మీటర్ 0.87 అంటుంది. లాగ్ చూసినవాళ్లందరూ భేష్ అంటారు. నాలుగో పిస్టన్ కరిగాక కారణం ఎవరికీ అంతుబట్టదు. ఒక్క సెన్సర్ అందరి సగటే చెప్పగలదు. అందుకే పాత ఇంజెక్టర్లతో ట్యూనింగ్‌కు దిగే ముందు నాలుగింటినీ బెంచి మీద ఫ్లో టెస్ట్ చేయించండి, ఎంత పోస్తున్నాయో కాగితం తీసుకోండి. ఫుల్ లోడు తర్వాత ఇంజిన్ ఆపేసి నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా బల్ల మీద పెట్టి చూసే పాత అలవాటుకు ఈ విషయంలో ఏ మీటరూ సాటి రాదు.

నిజంగానే లీన్ అయితే

ఇన్ని అడ్డంకులు దాటిన రీడింగును నమ్మొచ్చు. నమ్మాక కూడా ఫ్యూయల్ టేబుల్‌కు వెళ్లే ముందు ఇంకో మాట. పైన 4500, 5000 దాటేకొద్దీ లీన్ పెరుగుతోందంటే, టేబుల్ సరిగానే అడుగుతోంది, పంపు ఇవ్వలేకపోతోందని అర్థం. ఇంజెక్టర్ పోసే పెట్రోల్ ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 3 బార్ ఉండాల్సింది 2.4కి పడిపోతే పెట్రోల్ పదకొండు శాతం దాకా తగ్గుతుంది. 0.88 కాస్తా 0.98 అవుతుంది. స్లోలో గేజి పెట్టి 3 బార్ చూసి సంతృప్తి పడేవాళ్లున్నారు. స్లోలో ఎంత పాత పంపైనా 3 బార్ ఇస్తుంది. లోడు మీద చూడాలి. ఫిల్టరు, పంపు దగ్గరికొచ్చే వోల్టేజీ, ఆ తర్వాతే పంపు, ఆ వరసలో.

పంపు బాగుండి, టేబుల్లో ఎంత పెంచినా అంకె కదలట్లేదంటే ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయం చూడండి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక పూర్తి సైకిల్‌కు ఉండేది 20 మిల్లీసెకన్లు. అందులో 18 తెరిచే ఉంటే ఇక పెంచడానికి ఏం మిగల్లేదు, పెద్ద ఇంజెక్టర్లు కావాలి.

అన్ని చోట్లా ఒకే శాతం లీన్ అనే మూడో రకం మన దేశంలో ఈ మధ్య బాగా కనబడుతోంది. దానికి కారణం పెట్రోల్ బంకులో ఉంది. పది శాతం ఇథనాల్ కలపడమన్న లక్ష్యం 2022లో పూర్తయింది, 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకం మొదలైంది, 2025కల్లా ఇరవై శాతానికి చేరాం. ఇథనాల్ తన అణువులోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి అంతే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. ఉత్త పెట్రోల్‌కు 14.7 కిలోల గాలికి ఒక కిలో సరిపోతే, ఈ10కి 14.1కి ఒకటి, ఈ20కి 13.5కి ఒకటి. ఈ10 రోజుల్లో ఫుల్ లోడులో 0.88కి ట్యూన్ చేసుకుని ఆ తర్వాత మ్యాప్ ముట్టుకోని బండి, ఈరోజు అదే మ్యాప్‌తో 0.92 చుట్టూ నడుస్తుంటుంది. సెన్సర్‌ను తిట్టకండి, అది నిజమే చెప్తోంది.

ఇక్కడే ఇంకో గందరగోళం. డ్యాష్‌బోర్డు మీటర్ లాంబ్డాను ఎప్పుడూ 14.7తోనే హెచ్చవేసి చూపిస్తుంది, ట్యాంకులో ఏముందో దానికి తెలియదు. ఈ20 పోసి 13.5 దగ్గర నిలబెట్టాలని చూస్తే మీరు నిలబెట్టేది లాంబ్డా 0.92 దగ్గర. దీనికి ఒకటే విరుగుడు. మీటర్‌లో, సాఫ్ట్‌వేర్‌లో రెండుచోట్లా లాంబ్డా స్కేలు పెట్టేసుకుని ఏఎఫ్ఆర్‌ను మరిచిపోవడం. 1.00 ఏ ఇంధనానికైనా 1.00. టర్బో లేని ఇంజిన్ ఫుల్ లోడుకు 0.86 నుంచి 0.90, టర్బో ఉంటే 0.78 నుంచి 0.82 చుట్టూ మొదలుపెట్టండి. ట్యాంకులో నిజంగా ఎంత ఇథనాల్ ఉందో తెలుసుకోవాలంటే, గీతలున్న గాజు కొలపాత్రలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి కలిపి వదిలేయండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కింది పొర 28 దగ్గర తేలితే 90లో 18 ఇథనాల్, అంటే ఇరవై శాతం. ఆరుబయట చేయండి, సిగరెట్ తాగేవాళ్లను దూరంగా పంపి మరీ చేయండి.

ఆలస్యంగా వచ్చే అంకె

యాక్సిలరేటర్ తొక్కగానే లాగ్‌లో ఒక లీన్ ముల్లు లేస్తుంది. దానికి సూటిగా కింద ఉన్న గడిని సరిచేస్తారు, అది తప్పు గడి. 800 ఆర్‌పీఎం దగ్గర ఒక పూర్తి సైకిల్‌కు, అంటే రెండు చుట్లు తిరగడానికే 150 మిల్లీసెకన్లు, ఆపైన గ్యాసు గొట్టంలో ప్రయాణించి సెన్సర్ చేరాలి. 6000 దగ్గర అవే రెండు చుట్లకు 20 మిల్లీసెకన్లు. అందుకని తొక్కిన క్షణాలను ఫ్యూయల్ టేబుల్ లెక్కలోంచి తీసేయండి. మూడు నాలుగు సెకన్లు నిలకడగా ఉన్న చోట మాత్రమే గడి మార్చండి. తొక్కినప్పటి లీన్‌కు మందు యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌లో ఉంటుంది, అది టేబుల్ కుదిరాక.

సెన్సర్‌ను బతికించుకోవడం

సెన్సర్‌ను చంపేది ముఖ్యంగా నీళ్లు. చల్లటి సైలెన్సర్‌లో ఆవిరి నీరై నిలుస్తుంది. 780 డిగ్రీల పింగాణీ మీద ఒక చుక్క పడితే చిట్లుతుంది. అందుకే గొట్టం పైభాగంలో, గడియారంలో పది నుంచి రెండు గంటల ముళ్ల మధ్య కోణంలో బిగించాలి. ఇంజిన్ స్టార్టయ్యాకే హీటర్‌కు కరెంటు వెళ్లేలా వైరింగ్ చేయాలి. అలాగని సెన్సర్‌ను బిగించి కరెంటు ఇవ్వకుండా తిరగొద్దు, హీటర్ లేకపోతే మసి పట్టి పోతుంది. ఆ చోట సెన్సర్ వద్దనుకుంటే విప్పి బోల్టు వేయండి. టర్బో బండ్లలో టర్బో తర్వాతే పెట్టాలి. ముందు పెడితే వేడి ఒక బాధ, ఒత్తిడి ఇంకో బాధ. ఒత్తిడి పెరిగితే రిచ్ ఇంకా రిచ్‌గా, లీన్ ఇంకా లీన్‌గా కనబడుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే దానికి ముందే.

సీసం కలిసిన రేసింగ్ పెట్రోల్, మామూలు సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు, ఇంజిన్ తాగే ఆయిల్, హెడ్ గ్యాస్కెట్ దాటి వచ్చే కూలెంట్, ఈ నాలుగూ నెమ్మదిగా చంపేవి. ఇక వైరు పొట్టిగా ఉందని కనెక్టర్ కోసి అతుకు వేసేవాళ్లకు ఒక విన్నపం. ఎల్ఎస్‌యూ సెన్సర్ కనెక్టర్ లోపల ఆ సెన్సర్‌కే కొలిచి పెట్టిన చిన్న రెసిస్టర్ ఉంటుంది. కనెక్టర్ పారేస్తే ఆ క్యాలిబ్రేషన్ కూడా చెత్తబుట్టలోకే పోయినట్టు. పొడవు కావాలంటే కంట్రోలర్ వైపు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనండి. చవగ్గా దొరికిందని కొన్న సెన్సర్ మీద బాష్ అచ్చు ఉన్నంత మాత్రాన బాష్ అయిపోదు. నకిలీలు మన బజార్లో కొల్లలు, బిల్లు ఇవ్వని చోట కొనొద్దు.

ఫుల్ లోడు పరీక్షలు డైనో మీద చేయండి. లేదంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో ట్రాక్ డే చూసుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు, విజయవాడ హైవే ఇందుకు కాదు. ఒక చేత్తో స్టీరింగు, ఒక కన్ను మీటర్ మీద పెట్టి నడిపేవాడు తన ప్రాణానికే కాదు, పక్క లేన్లో పిల్లలతో వెళ్తున్నవాళ్లకు కూడా అపాయమే. బీఎస్6 బండికి కన్వర్టర్ పీకేసి, ఒరిజినల్ సెన్సర్‌ను మోసం చేసే డబ్బాలు తగిలించే పని కూడా ఈ పుస్తకం నేర్పదు. వారంటీ పోతుంది, పొల్యూషన్ చెకింగ్‌లో దొరుకుతారు, వెనక వచ్చేవాళ్లు ఆ పొగ పీలుస్తారు.

తర్వాతి అధ్యాయం ఇగ్నిషన్ టైమింగ్ గురించి. అక్కడ ఒక్క డిగ్రీ తప్పినా పిస్టన్ మీద పడుతుంది, అదీ మిక్చర్ సరిగ్గా ఉందన్న నమ్మకం మీదే నడిచే పని. కాబట్టి మీ బండి గాలి పరీక్ష, ఓవర్‌రన్ పరీక్ష, పది శాతం పరీక్ష, రెండు చోట్ల స్కేలు పరీక్ష పాసై, నాలుగు ప్లగ్గులూ ఒకే రంగులో కనబడ్డాకే పేజీ తిప్పండి.